పొగ కనిపించని కారుకు పొగ పరీక్ష యేల?

అమెరికా సంయుక్త రాష్ట్రములలో టెక్సాసు నుండి కాలిఫోర్నియాకు ఉద్యోగరీత్యా తరలి వెళ్ళు వారిలో మన తెలుగువారు కూడ అనేకులు కలరు. డల్లాసు ప్రాంతమున కొంతకాలము పనిచేసి, శాన్ హోసే ప్రాంతమున మరియొక ఉద్యోగము దొరకినపుడు, ఇంటి సామానుతోబాటు కారును కూడ తీసికొని పోవుట అక్కడ మామూలే. అట్టి యువకుని ఒకనిని ఊహించుకొందము. అతని కారు 2012వ సంవత్సరపు నమూనా. యంత్రములన్న అతనికి చాల మక్కువ. కొన్నప్పుడు ఉన్న గాలిగొట్టమును తీసివేసి, అంతకంటె లావైన దానిని అమర్చినాడు. ఇంజను నుండి పొగ బయటికి పోవు గొట్టములను మార్చినాడు. ఇంజనును నడుపు చిన్న కంప్యూటరులోని లెక్కలను కూడ తనకు నచ్చినట్లు మార్పించుకొన్నాడు. కారు మునుపటికంటె చురుకుగా పరుగెత్తుచున్నది. వెనుక గొట్టమునుండి పొగ యన్నది కంటికి కనిపించుట లేదు.

కాలిఫోర్నియాలో నివాసమేర్పరచుకొన్న 20 దినములలోపల కారును ఆ రాష్ట్రమున నమోదు చేయించుకొనవలెను. బయటి రాష్ట్రపు కారును మొదటిసారి నమోదు చేయుటకు ముందు పొగ పరీక్ష నెగ్గవలెను. యువకుడు ధైర్యముగా పరీక్షా కేంద్రమునకు వెళ్ళినాడు. అక్కడి పనివాడు వెనుక గొట్టములో ఏ పరికరమును పెట్టలేదు. ముందున్న మూత ఎత్తి చూచినాడు. కారు కంప్యూటరుకు ఒక తీగ తగిలించినాడు. కొన్ని నిమిషములలో “నెగ్గలేదు” అని కాగితము చేతికిచ్చినాడు.

“పొగను కొలువకయే పొగ పరీక్షలో తప్పించుట యేమి న్యాయము?” అని యువకుని ప్రశ్న. ఈ ప్రశ్న సమంజసమైనదే. దీనికి సమాధానము చెప్పవలెనన్న కొంత చరిత్ర, కొంత రసాయన శాస్త్రము, కొంత గణితము కావలెను.

కండ్లు మండిన నగరము

1943 జూలై నెలలో లాస్ ఏంజెలిస్ నగరమును ఒక వింత మబ్బు కప్పివేసెను. జనుల కండ్లు మండినవి, గొంతులు గీరుకొనిపోయినవి. కొద్ది దూరములోని భవనములు కూడ కనబడలేదు. అది రెండవ ప్రపంచ యుద్ధకాలము. కృత్రిమ రబ్బరునకు కావలసిన బ్యుటాడయీను తయారుచేయు కర్మాగారమొకటి నగరములో ఉండెను. దోషమంతయు దానిదేయని జనులు తలచిరి. కొంతకాలము దానిని మూసివేసిరి. కాని మబ్బు మాత్రము తొలగలేదు.

ఈ చిక్కును విప్పినవాడు ఆరీ హాగెన్-స్మిట్ అను రసాయన శాస్త్రవేత్త. హాలండు దేశమున జన్మించిన ఈయన కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఆచార్యుడుగా ఉండి, అనాసపండు వాసనకు కారణమైన పదార్థములను పరిశోధించుచుండెను. పండ్ల ఆవిరులను చల్లబరచి పట్టుకొను పద్ధతినే ఆయన నగరపు గాలికి కూడ ఉపయోగించెను. 1950వ దశకపు మొదటి సంవత్సరములలో ఆయన చెప్పిన దేమనగా: కార్లనుండి, చమురు కర్మాగారములనుండి వెలువడు హైడ్రోకార్బనులు, నత్రజని ఆక్సైడులు ఎండలో కలిసినపుడు ఓజోను పుట్టుచున్నది. కండ్లు మండించునది, పంటలను పాడుచేయునది, సాగదీసిన రబ్బరు ముక్కలపై పగుళ్ళు తెచ్చునది ఈ ఎండలో జరుగు చర్యల ఫలమే.

ఇక్కడ విద్యార్థులు గమనింపవలసిన ముఖ్య విషయమొకటి కలదు. ఓజోను ఏ కారు గొట్టమునుండియు బయటికి రాదు. అది గాలిలో, ఎండలో, తరువాత తయారగును. గొట్టమునుండి వచ్చునవి కంటికి కనిపించని ముడిసరుకులు మాత్రమే. కనుక “నా కారు పొగ వదలుట లేదు” అని కంటితో చూచి చెప్పుమాట ఈ విషయమున సాక్ష్యము కానేరదు.

లాస్ ఏంజెలిస్ ఉనికి కూడ ఈ కీడునకు తోడ్పడినది. ఒకవైపు సముద్రము, ఉత్తరమునను తూర్పునను కొండలు. సముద్రము మీదినుండి వచ్చు చల్లని గాలి అడుగున ఉండి, దానిపై వెచ్చని గాలి మూతవలె నిలుచును. మామూలుగా పైకి పోయి చెదరవలసిన వాయువులు ఈ మూత క్రింద చిక్కుకొనిపోవును. వంటింటి తలుపులు, కిటికీలు మూసి కట్టెల పొయ్యి రాజేసినట్లుండును.

అందుచేతనే కార్ల పొగపై చట్టములు చేయుటలో కాలిఫోర్నియా దేశములో మిగిలిన రాష్ట్రములకంటె ముందు నడచినది. 1966లో కార్ల వెనుక గొట్టమునుండి వెలువడు వాయువులకు హద్దులు పెట్టెను. 1967లో వాయు వనరుల మండలి ఏర్పడెను. దాని మొదటి అధ్యక్షుడు హాగెన్-స్మిట్‌యే. 1984లో మొదలైన పొగ పరీక్షను అక్కడ “స్మాగ్ చెక్” అందురు. పొగ, మంచు అను అర్థములిచ్చు రెండు ఇంగ్లీషు మాటలు కలిసి స్మాగ్ అయినది.

ఇంజనులో పుట్టు మూడు దోషములు

పెట్రోలు అనగా ఉదజని, కర్బనము కలిసిన అనేక పదార్థముల మిశ్రమము. అది సంపూర్ణముగా మండినచో నీటి ఆవిరి, బొగ్గుపులుసు వాయువు మాత్రమే రావలెను. కాని ఇంజనులో ఒక్కొక్క మంటకు దొరకు వ్యవధి సెకనులో వందవ వంతు కూడ ఉండదు. ఆ తొందరలో మూడు దోషములు పుట్టును.

చల్లని గోడల ప్రక్కన, సందులలో దాగిన పెట్రోలు మండకయే బయటపడును. ఇవియే హైడ్రోకార్బనులు. ఆమ్లజని చాలని చోట కర్బనము సగమే మండి కార్బన్ మోనాక్సైడు అగును. ఇది నెత్తురులో ఆమ్లజనిని మోయు పదార్థమును పట్టుకొని ప్రాణాపాయము కలిగించు విషము. మంట మిక్కిలి వేడిగా ఉన్నపుడు గాలిలోని నత్రజని, ఆమ్లజని కలిసి నత్రజని ఆక్సైడులగును.

మొదటి రెండు మంట చాలకపోవుటవలన కలుగు దోషములు. మూడవది మంట ఎక్కువ వేడెక్కుటవలన కలుగు దోషము. కావున ఒకదానిని తగ్గింపబోయిన మరియొకటి పెరుగును. ఈ పీటముడిని విప్పుటకే కార్లలో ఉత్ప్రేరక పరివర్తకమును పెట్టిరి. ఇంజనునుండి వచ్చు గొట్టములో డబ్బావలె అమర్చిన ఈ భాగము లోపల తేనెపట్టువంటి సన్నని కన్నములుండును. వాని గోడలపై ప్లాటినము, పల్లాడియము, రోడియము అను విలువైన లోహముల పూత ఉండును. ఈ లోహములు తాము తరుగకయే చర్యలను త్వరపెట్టును. నత్రజని ఆక్సైడునుండి ఆమ్లజనిని విడదీసి, దానిని కార్బన్ మోనాక్సైడునకు, హైడ్రోకార్బనులకు అందించును. చివరకు మిగులునవి నత్రజని, నీటి ఆవిరి, బొగ్గుపులుసు వాయువు.

అమెరికా కార్లలో 1975 నమూనాలతో పరివర్తకములు విరివిగా వచ్చినవి. పెట్రోలులో కలుపుచుండిన సీసము ఈ లోహముల పూతపై పేరుకొని దానిని పనికిరాకుండ చేయును. అందువలన సీసము లేని పెట్రోలు కూడ ఆ కార్లతోబాటే రావలసివచ్చెను.

గాలికి, పెట్రోలునకు ఒక నిష్పత్తి

పరివర్తకము మూడు దోషములను ఒకేసారి హరింపవలెనన్న ఒక నియమము కలదు. ఒక గ్రాము పెట్రోలునకు సుమారు 14.7 గ్రాముల గాలి చొప్పున ఇంజనులోనికి పోవలెను. గాలి ఎక్కువైనచో ఆమ్లజని మిగిలిపోవును. అప్పుడు నత్రజని ఆక్సైడునుండి ఆమ్లజనిని ఊడదీయు పని సాగదు. పెట్రోలు ఎక్కువైనచో కార్బన్ మోనాక్సైడును మండించుటకు ఆమ్లజని చాలదు. ఈ సమతూకమునకు రెండువైపుల మిక్కిలి సన్నని ఎడము మాత్రమే కలదు. దానిలో ఉన్నంతవరకే పరివర్తకము నూటికి తొంబదికి పైగా దోషమును తొలగింపగలదు.

ఈ సమతూకమును కాపాడుటకు కారులో ఒక చిన్న కాపలాదారు కలదు. అది ఆమ్లజని సెన్సారు. జిర్కోనియా అను పింగాణీవంటి పదార్థము బాగుగా వేడెక్కినపుడు దాని రెండు ప్రక్కల ఆమ్లజని హెచ్చుతగ్గులను బట్టి కొద్దిపాటి విద్యుత్తు పుట్టించును. ఆమ్లజని మిగిలియున్న పొగకు వోల్టులో పదవ వంతు, ఆమ్లజని లేని పొగకు సుమారు 0.9 వోల్టు. కంప్యూటరు దీనిని సెకనుకు సెకనుకు చూచుకొనుచు పెట్రోలును కొంచెము పెంచుచు, కొంచెము తగ్గించుచు నడచును. తీగపై నడచు దొమ్మరివాడు కర్రను ఇటునటు వాల్చుచు నిలద్రొక్కుకొనుటవంటిదే ఈ పని.

పరివర్తకమునకు తరువాత కూడ ఒక సెన్సారు ఉండును. అది పరివర్తకము పనిచేయుచున్నదా లేదా యని కనిపెట్టుచుండును. 1996 నమూనాలనుండి అమెరికాలో అమ్ము కార్లన్నిటిలోను ఇట్టి స్వయంపరీక్షా ఏర్పాటు ఉండవలెనని నిబంధన.

లావైన గొట్టము చేసిన తప్పు

ఇప్పుడు మన యువకుని కారునొద్దకు వత్తము. అతడు గాలిగొట్టమును మార్చినాడుగదా. ఇంజనులోనికి పోవు గాలిని కొలుచు తీగ ఆ గొట్టములోనే ఉండును. గాలి వేగముగా పోయిన తీగ ఎక్కువ చల్లబడును. దానినిబట్టి ఇంత గాలి పోయినదని కంప్యూటరు లెక్కకట్టును. ఈ లెక్క అసలు గొట్టపు వెడల్పునుబట్టి వేసినది.

కొత్త గొట్టపు వ్యాసము నూటికి 10 వంతులు ఎక్కువ అనుకొందము. వైశాల్యము వ్యాసపు వర్గమునుబట్టి పెరుగును గనుక 1.1ను 1.1తో గుణింపగా 1.21 వచ్చును. అదే గాలి ఈ గొట్టములో పోవునపుడు వేగము 1.21వ భాగమునకు, అనగా సుమారు 0.83కు తగ్గును. ఉన్నదానికంటె నూటికి 17 వంతులు తక్కువ గాలి పోవుచున్నదని కంప్యూటరు భ్రమపడి, పెట్రోలును కూడ తగ్గించును. మామూలుగా నడచునపుడు ఆమ్లజని సెన్సారు ఈ తప్పును కనిపెట్టి దిద్దించును. కాని దిద్దుబాటునకు ఒక హద్దు కలదు. పాదము పూర్తిగా అదిమినపుడైతే కంప్యూటరు ఆ సెన్సారు మాటను ప్రక్కకు పెట్టి, గాలి లెక్కనే నమ్మి పెట్రోలు వదలును. అప్పుడు తప్పు తప్పుగానే మిగులును. దానివలన ఇంజనుకును ముప్పు కలుగవచ్చును.

గొట్టములను అమ్మువారిలో మంచివారు ఈ లెక్క చూచుకొని సరిపోవునట్లు చేయుదురు. అందరును చేయరు. పైకి చూచిన రెండును ఒక్కటివలెనే మెరయుచుండును.

పొగగొట్టముల సంగతియు ఇట్టిదే. పరివర్తకము చల్లగా ఉన్నపుడు ఏమియు చేయలేదు. 250 నుండి 300 డిగ్రీల సెంటిగ్రేడు వరకు వేడెక్కిన తరువాతనే పని మొదలుపెట్టును. అందుచేత తయారీదారులు దానిని వీలైనంతవరకు ఇంజనునకు దగ్గరగా ఉంచుదురు. యువకుడు పొడవైన గొట్టములు పెట్టి పరివర్తకమును వెనుకకు జరిపించినాడు. పొగ అంతదూరము పోవులోపల చల్లబడును. ఉదయము కారు కదలిన తరువాత పరివర్తకము మేల్కొనుటకు మునుపటికంటె ఆలస్యమగును. నేటి కారు ఒక ప్రయాణములో వదలు హైడ్రోకార్బనులలో పెద్ద భాగము ఈ మొదటి నిమిషములలోనిదే. ఈ దోషము వేడెక్కియున్న కారును పరీక్షా కేంద్రమునకు తెచ్చి కొలిచినచో కనబడదు.

ఇక్కడనే యువకుని ప్రశ్నకు సగము సమాధానము దొరకినది. పరీక్ష కొన్ని నిమిషములది. కారు బ్రతుకు పది పదునైదు సంవత్సరములది.

ముద్ర వేసిన తూనికరాయి

మన ఊరి సంతలో బియ్యము కొనువాడు వర్తకుని తూనికరాళ్ళను తన ఇంటినుండి తెచ్చిన రాళ్ళతో సరిచూడడు. రాతిపై ప్రభుత్వపు ముద్ర ఉన్నదా యని చూచును. ముద్ర వేయుటకు ముందు తూనికల అధికారి దానిని సూక్ష్మమైన త్రాసులో తూచియుండును. ముద్ర ఉన్న రాతిని ఎవరైన అడుగున చెక్కినచో అది నేరము.

కార్ల విషయమున కూడ ఇట్టి ఏర్పాటే కలదు. ఒక నమూనా కారును అమ్ముటకు ముందు దానిని ప్రయోగశాలలో దీర్ఘముగా పరీక్షింతురు. కారును కొన్ని గంటలు కదలింపక చల్లబడనిచ్చి, తిరుగు రోలర్లపై సుమారు 18 కిలోమీటర్ల దూరము, నగరములో నడపినట్లు ఆగుచు సాగుచు నడపుదురు. మధ్యలో 10 నిమిషములు ఆపి తిరిగి నడపుదురు. ఆ కాలమున వచ్చిన వాయువులను సంచులలో పట్టి కొలుతురు. మూసిన గదిలో కారును నిలిపి, పెట్రోలు తొట్టినుండి ఆవిరియై పోవునదెంతయో వేరుగా కొలుతురు. లక్ష మైళ్ళకు పైగా తిరిగిన పిమ్మట కూడ ఈ హద్దులు నిలువవలెను. ఇంత పరీక్షను ప్రతి వీధిలోని కేంద్రములోను ప్రతి కారునకు చేయుట సాధ్యముగాదు. కాబట్టి వీధిలోని పరీక్షకుడు మొదట చూచునది: ప్రయోగశాలలో ముద్ర పొందిన యంత్రము ఇదేనా? లేక ఎవరైన అడుగున చెక్కినారా?

అయినచో ఏ భాగమును మార్చరాదా? మార్చవచ్చును. భాగమును తయారుచేసిన సంస్థ దానిని వాయు వనరుల మండలికి చూపి, వెలువడు వాయువులు పెరుగవని పరీక్షలతో ఋజువు చేసినచో మండలి ఒక ఆజ్ఞాపత్రమునిచ్చును. అక్కడ దానిని ఎగ్జిక్యూటివ్ ఆర్డరు అందురు. దాని సంఖ్యను భాగముపై చెక్కుదురు, లేదా ఇంజను దగ్గర అంటించు చీటీపై ముద్రింతురు. పరీక్షకుడు ఆ సంఖ్యను చూచి, అది ఆ కారునకు, ఆ సంవత్సరపు నమూనాకు చెల్లునో లేదో సరిచూచుకొనును. ఒక నమూనాకు ఇచ్చిన ఆజ్ఞ మరియొక నమూనాకు చెల్లదు. మన యువకుని గొట్టమునకు ఇట్టి సంఖ్య లేదు. అది నిజముగా మంచిదే కావచ్చును; కాని మంచిదని ఋజువు కాలేదు. ఋజువు చేయవలసిన భారము మార్చినవానిది గాని, గాలి పీల్చువానిది కాదు.

కంప్యూటరు చెప్పిన సాక్ష్యము

కాలిఫోర్నియాలో 1975 లేదా అంతకు ముందు నమూనా పెట్రోలు కార్లకు ఈ పరీక్ష లేదు. 1976 నుండి 1999 వరకు గల నమూనాలకు వెనుక గొట్టములో గొట్టము పెట్టి కొలుచుట కలదు. నగర ప్రాంతములలో కారును రోలర్లపై గంటకు 15 మైళ్ళు, 25 మైళ్ళు, అనగా సుమారు 24, 40 కిలోమీటర్ల వేగములతో బరువు లాగించుచు కొలుతురు. బరువు లేనిదే నత్రజని ఆక్సైడులు తగినంతగా పుట్టవు గనుక ఈ ఏర్పాటు. 2000 నుండి వచ్చిన నమూనాలకు 2015నుండి ప్రధానముగా కంప్యూటరునే ప్రశ్నించుచున్నారు. వెనుక గొట్టమును కొలువకపోవుటకు కారణమిదియే. కారు తన దోషములను తాను ప్రతిదినము పరీక్షించుకొని వ్రాసియుంచును; ఒకనాటి కొలతకంటె ఆ దినచర్య పుస్తకమే మేలైన సాక్ష్యము.

యువకునికి ఒక స్నేహితుడు సలహా చెప్పినాడు: “బ్యాటరీ తీగ ఊడదీసి మరల పెట్టుము. వ్రాసినదంతయు చెరిగిపోవును.” అతడట్లే చేసినాడు. హెచ్చరిక దీపము ఆరినది. కాని పుటలు చెరిపిన పుస్తకము ఖాళీగా కనబడును గదా! తన స్వయంపరీక్షలు ఇంకను ముగియలేదని కంప్యూటరు చెప్పివేయును. 2000, ఆపై నమూనాల పెట్రోలు కార్లలో పెట్రోలు ఆవిరికి సంబంధించిన పరీక్ష ఒక్కటి తప్ప మిగిలినవన్నియు ముగిసియుండవలెను. అవి ముగియుటకు కొన్ని దినములు మామూలుగా నడపుట తప్ప దగ్గరి దారి లేదు. అన్ని దినములు నడపునప్పటికి, దోషమున్నచో, హెచ్చరిక దీపము తిరిగి వెలుగును.

ఇక అతడు లెక్కలను మార్పించిన సంగతి. 2021 జూలై 19నుండి పరీక్షా యంత్రము కారు కంప్యూటరులోని లెక్కలను కూడ సరిచూచుచున్నది. జమాఖర్చుల పుస్తకములో ప్రతి పుట చివర మొత్తము వేయుట మనమెరుగుదుము. మధ్యలో ఒక్క అంకె దిద్దినను మొత్తము తప్పును. కంప్యూటరు లెక్కలకును అట్టి మొత్తమొకటి కలదు. అది తయారీదారు ఇచ్చిన దానితోగాని, మండలి ఆజ్ఞ పొందిన దానితోగాని సరిపోవలెను. సరిపోనిచో కారు నెగ్గదు.

ఇంజనునే మార్చినవారి సంగతి

మరికొందరు పాత కారులో కొత్త ఇంజను పెట్టుకొందురు. ఇది పూర్తిగా నిషిద్ధమని పలువురు తలచుచుందురు, కాని కాదు. ఇంజను కారుతో సమానమైన సంవత్సరమునకో, అంతకంటె తరువాతి సంవత్సరమునకో చెందినదై యుండవలెను. చిన్న కారులో బరువు లారీల కొరకు చేసిన ఇంజను పెట్టరాదు. ఆ ఇంజనుతోబాటు వచ్చిన పరివర్తకము, సెన్సారులు, కంప్యూటరు, ఆవిరిని పట్టు డబ్బా అన్నియు యథాతథముగా ఉండవలెను. గుండెను మార్చునపుడు నరములను కూడ కలుపవలెను గదా!

ఇట్టి కార్లను మామూలు కేంద్రములు తేల్చవు. రెఫరీ అను ప్రత్యేక పరీక్షకుని వద్దకు పంపుదురు. అతడు భాగములను ఒక్కొక్కటిగా పోల్చి చూచి, సరిగా ఉన్నచో తలుపు చట్రముపై ఒక చీటీ అంటించును. ఆపైన మామూలు కేంద్రములు ఆ చీటీనిబట్టి పరీక్ష జరుపును. శ్రద్ధగా చేసిన మార్పునకు చట్టములో చోటున్నదనుటకు ఇది నిదర్శనము.

తరలి వెళ్ళుటకు ముందు

టెక్సాసులో ఎక్కువ కౌంటీలలో ఇట్టి పొగ పరీక్ష లేదు. డల్లాసు, హ్యూస్టను, ఆస్టిను వంటి పెద్ద నగరముల పరిసరములలో కలదు. అక్కడ నెగ్గిన కారు ఇక్కడ నెగ్గునను నమ్మకము లేదు. ఆజ్ఞాసంఖ్య చూచు పద్ధతి కాలిఫోర్నియాది. అయితే పరివర్తకము మొదలగు భాగములను ఊడదీయుట సమాఖ్య చట్టము ప్రకారము దేశమంతటను నేరమే.

కనుక తరలువారు చేయవలసినవి కొన్ని కలవు. ముందుగా, ఇంజను మూత క్రింద అంటించియున్న చీటీని చదువవలెను. కారు కాలిఫోర్నియా ప్రమాణములకు చేసినదా, సమాఖ్య ప్రమాణములకు మాత్రమే చేసినదా అను సంగతి దానిలో ఉండును. కాలిఫోర్నియా నివాసి 7,500 మైళ్ళకంటె తక్కువ తిరిగిన కారును బయటినుండి కొని తెచ్చినచో, అది కాలిఫోర్నియా ప్రమాణములకు చేసినదై యుండవలెను. లేనిచో నమోదు కాదు. తన పాత రాష్ట్రమున నమోదు చేసికొని వాడుకొనుచున్న కారుతో తరలివచ్చు వారికి ఇందు మినహాయింపు కలదు.

రెండవది, మార్చిన ప్రతి భాగముపైన ఆజ్ఞాసంఖ్య ఉన్నదేమో వెదకవలెను. లేనిచో అసలు భాగమును తిరిగి అమర్చవలెను. అందుచేత ఊడదీసిన అసలు భాగములను అమ్మివేయక, పారవేయక దాచియుంచుట మంచిది. పరివర్తకమును కొత్తగా వేయించునపుడు కాలిఫోర్నియా ఆమోదము గలదానినే వేయింపవలెను. మిగిలిన రాష్ట్రముల కొరకు చేసిన చౌక పరివర్తకము అక్కడ చెల్లదు.

మూడవది, పరీక్షకు చాల దినములు ముందుగానే మరమ్మతులు ముగించి, కారును మామూలుగా నడపుచుండవలెను. నమోదు కార్యాలయమున కారు సంఖ్యను అధికారి స్వయముగా చూచి ధ్రువీకరించుట, పాత రాష్ట్రపు యాజమాన్య పత్రము, పొగ పరీక్ష పత్రము, రుసుము కావలెను. పరీక్ష పత్రము 90 దినములు చెల్లును.

మన యువకుడు కూడ చివరకు ఇదే దారి పట్టినాడనుకొందము. పాత గొట్టమును, పాత లెక్కలను తిరిగి పెట్టించి, పరివర్తకమును ఇంజను దగ్గరకు చేర్పించి, పది దినములు నడిపి పరీక్షకు వెళ్ళినచో నెగ్గును. వేగములో కొంత పోవును. ఖర్చు రెండింతలగును, పెట్టుటకొకసారి, తీయుటకొకసారి.

మన దేశములో

మనకును ఈ విషయము దూరమైనది కాదు. 1988 మోటారు వాహనముల చట్టము ప్రకారము ఒక రాష్ట్రములోని వాహనమును మరియొక రాష్ట్రమున 12 నెలలకు మించి ఉంచినచో అక్కడి సంఖ్య పొందవలెను. 2014లో రాష్ట్రము రెండైన పిమ్మట హైదరాబాదునుండి విజయవాడకు, విజయవాడనుండి హైదరాబాదుకు ఇల్లు మార్చువారికి ఈ నియమము అనుభవములోనికి వచ్చినది. అదే చట్టములోని 52వ విభాగము తయారీదారు నిర్ణయించిన వివరములకు భిన్నముగా వాహనమును మార్చరాదనుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ విభాగమును దృఢముగా సమర్థించినది.

మన పెట్రోలు బంకుల వద్ద జరుగు పొగ పరీక్షలో పెట్రోలు కారును నిలిపియుంచి, ఇంజను మెల్లగా తిరుగుచుండగా కార్బన్ మోనాక్సైడును, హైడ్రోకార్బనులను కొలుతురు. నత్రజని ఆక్సైడులను ఆ పరీక్ష కొలువదు. బరువు లాగని ఇంజనులో అవి కొద్దిగానే పుట్టునని పైన చెప్పియుంటిమి. 2020 ఏప్రిల్ 1నుండి దేశమంతటను భారత్ స్టేజి ఆరవ ప్రమాణములు వచ్చినవి. ఆ కార్లలోను మూడు లోహముల పరివర్తకము, సెన్సారులు, తన్ను తాను పరీక్షించుకొను కంప్యూటరు కలవు. కాబట్టి మన వీధిలో గొట్టము మార్చు కుర్రవాడు కూడ, తెలియకయే, పైన చెప్పిన సమతూకముపైననే చేయి వేయుచున్నాడు.

తరగతి గదిలో

ఉత్ప్రేరకమును ఉపాధ్యాయులు సులువుగా చూపవచ్చును. మందుల దుకాణమున దొరకు పలుచని హైడ్రోజన్ పెరాక్సైడును రెండు గాజు గ్లాసులలో పోయుడు. ఒకదానిలో పచ్చి బంగాళాదుంప ముక్క వేయుడు. వెంటనే బుడగలు లేచును, అవి ఆమ్లజని. దుంపలోని కాటలేజు అను పదార్థము ఉత్ప్రేరకముగా పనిచేసినది. రెండవ గ్లాసులో, అన్ని వైపుల కొవ్వొత్తి మైనము పూసిన ముక్కను వేయుడు. బుడగలు రావు. ఉత్ప్రేరకము లోపల ఉండియు పైపూతవలన పనికిరాకపోయినది. సీసము పరివర్తకమును పాడుచేయు విధమిట్టిదే.

గొట్టపు వ్యాసము నూటికి 5 వంతులు పెరిగినచో కంప్యూటరు గాలిని ఎంత తక్కువగా లెక్కకట్టునో విద్యార్థులు తామే గుణించి చూడవచ్చును. సుమారు 9 వంతులని తేలును. వేలితో తడిమినను తెలియని ఆ తేడా ఒక కారులో స్వల్పమే. కొండల నడుమ, మూత క్రింద, లక్షల కార్లున్న నగరములో అది స్వల్పము కాదు. 1943లో జనులు కర్మాగారపు పొగగొట్టమువైపు వేలు చూపిరి; దోషములో చాల భాగము ప్రతి ఇంటి ముందును నిలిచియుండెను. ఆ పాఠమును మరువకుండుటకే పరీక్షకుడు నేటికిని ముందు మూత ఎత్తి, సంఖ్య వెదకుచున్నాడు.